గంటకు గంటే

1973లో జపాన్‌లోని ఒసాకాలో తెరుకో మిజుషిమా ఒక బ్యాంకు మొదలుపెట్టారు. అందులో దాచుకునేది డబ్బు కాదు, గంటలు. పొరుగింటి పసిపాపను రెండు గంటలు చూసుకుంటే ఖాతాలో రెండు గంటలు జమ. రేపు మనం మంచాన పడితే ఆ గంటల మీదే ఇంకెవరో వచ్చి వంట చేసిపెడతారు. సభ్యులు ఎక్కువగా గృహిణులే. జీతం లేని ఇంటిచాకిరీకి అక్కడ లెక్క దొరికింది. తర్వాత అమెరికాలో ఇదే బాట పట్టిన ఎడ్గర్ కాన్ పద్ధతిలోనూ వకీలు గంటా, వంటమనిషి గంటా సమానమే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మన పల్లెల్లో నాట్లకూ కోతలకూ బదులు పనికి వెళ్లడం పెద్దలెరిగినదే. అయితే అక్కడ చేసినవారికే తిరిగి చేయాలి, ఈ గంటల బ్యాంకులోనైతే వాడలో ఎవరికైనా చేయొచ్చు. పిల్లలు విదేశాల్లో, ముసలివాళ్లిద్దరే ఫ్లాట్లలో ఉంటున్న మన పట్టణాలకు ఇది వెంటనే కావాలి. మీ వీధిలో మొదలుపెడితే మాకు రాయండి.