మొర్రికి గ్రహణం పేరెందుకు?

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం సంభవించింది. తిరుమల ఆలయం ఆ మధ్యాహ్నమే మూతపడింది; శ్రీకాళహస్తి ఆలయం గ్రహణవేళలోనూ తెరచి ఉండడం ఆనవాయితీ. ఆలయాల ఆచారాలతో నాకు తగవు లేదు. గర్భిణిని చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, మంచినీళ్లైనా ఇవ్వక, కదలవద్దని శాసించే ఇంటి పెద్దలతోనే నా తగవు. నెలలు నిండే కొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళంపై పడి, బిడ్డకు చేరవలసిన రక్తమే తగ్గుతుంది.

పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనవారు పెట్టిన పేరు 'గ్రహణం మొర్రి'. ఆ పేరులోనే తీర్పు ఉంది: తల్లి ఆ వేళ ఏదో తరిగింది!

పాఠకులారా, ఆ పెదవి ఎప్పుడు ఏర్పడుతుందో గమనించండి. గర్భం నిలిచిన నాలుగో వారంలో పిండానికి ముఖమనదగినది లేదు. నుదుటి వైపు నుండీ ఇరుపక్కల నుండీ కణజాలపు మొగ్గలు పెరిగి, ఒకదానినొకటి చేరి అతుక్కుంటాయి. ఏడో వారానికి పై పెదవి, పదో వారానికల్లా అంగిలి రూపుదిద్దుకుంటాయి. అతుక్కోవలసిన చోట అతుక్కోకపోతే అదే మొర్రి. అప్పటికి పిండం పొడవు రెండు మూడు సెంటీమీటర్లే. ఏడో నెలలో కత్తిపీట ముందు కూర్చున్న తల్లి, ఎప్పుడో అతుక్కున్న పెదవిని ఎలా చీల్చగలదు?

తొలి వారాల్లోనే గ్రహణం వస్తేనో, అంటారా? చంద్రునిపై పడేది భూమి నీడ. అది గర్భకోశాన్ని చేరదు.

చేరేవి వేరే ఉన్నాయి: వంశంలోని జన్యులోపాలు, పొగాకు, కొన్ని మూర్ఛ మందులు (వైద్యుని అడగకుండా వాటిని మానరాదు సుమా), అదుపులేని మధుమేహం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు పుట్టుకలోపాల ముప్పును పెంచుతాయి. అక్క కూతురిని తమ్ముడికిచ్చి ముడిపెట్టేటప్పుడు సందేహించని పెద్దలే గ్రహణం నాడు కత్తిపీట దాస్తారు!

వెన్నుపాము నాళం మూసుకునేది 28వ రోజు నాటికే. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గర్భానికి ముందే మొదలుపెట్టాలి. సీమంతం నాడు గుర్తొస్తే ఆ పనికి అది అందదు.

మొర్రితో పుట్టిన బిడ్డ తల్లిని ఏం తరిగావని నిలదీయకండి. బిడ్డకు పాలు అందుతున్నాయో లేదో చూడండి. పెదవికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు, అంగిలికి ఆ తరువాత. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇది ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తకు చెబితే దారి చూపుతుంది.