చేనుకి సెలవు, కూలికి పస్తు!

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అమలాపురం చుట్టుపక్కల మండలాల్లో వేల ఎకరాలు ఊడ్పుల్లేకుండా ఉండిపోయాయి. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. 2022లో మళ్ళీ అదే మాట లేచింది.

రైతు గోడు న్యాయమైనదే. 2011-12లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. 75 కిలోల బస్తాకి 810. ఆ ధరైనా మిల్లరు దగ్గర చేతికి రాలేదు. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునిగాయి. మక్తా కట్టలేక కౌలురైతు కుదేలయ్యాడు. ఇందులో మాకు రెండో మాట లేదు.

అయితే మేము అడిగేది ఒకటుంది. రైతుకి పొలమైన ఆ చేనే కూలికి ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ మూస్తే కార్మికులకు నోటీసు, పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది. ఆఫీసులో గుమాస్తాకి సెలవిస్తే జీతం ఆగదు. మరి చేనుకి సెలవిచ్చినప్పుడు ఊడ్పుల ముఠాని ఎవరైనా పిలిచి అడిగారా? ఆ కార్తెలో పోయిన కూలి ఎవరిచ్చారు? కాకినాడ నుంచి హైదరాబాదు దాకా నడిచిన చర్చల్లో మన పొయ్యి గురించి ఎంతమంది మాట్లాడారు?

పైపెచ్చు నింద మన నెత్తినే పెట్టారు. "ఉపాధి పనులొచ్చి కూలోళ్లు మాట వినట్లేదండి" అన్నారు. ఆనాడు రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకి 121 రూపాయలు. అదీ కొలత తగ్గితే తగ్గేది. ఆ మాత్రం ఆసరాతోనే "ఎంతిస్తారండీ?" అని ముందుగా అడిగే ధైర్యం కూలి మనిషికి వచ్చింది. కొందరు ఆసాములకు కంటగింపైంది ఆ ప్రశ్నే!

చేలో పెత్తనం తీరు మనకి తెలియంది కాదు. రేటు ఆసామీ మేస్త్రీ మాట్లాడుకుంటారు. పొద్దుటి నుంచి నడుం వంచిన ఆడకూతురికి అది సాయంత్రం తెలుస్తుంది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా, ఆడమనిషి చేతిలో పడేది మగవాడి కూలికంటే తక్కువే. కొబ్బరి దింపుకెక్కినవాడు జారిపడి నడుం విరిగితే ఆ ఇల్లు అప్పులపాలే. డబ్బులడిగితే "ధాన్యం సొమ్ము పడనీ, చూద్దాం" అంటారు.

నాట్లు, కోతల కాలంలో ఉపాధి పనులు ఆపాలన్నది ఆనాటి కోరికల్లో ఒకటి. పాత ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టంలోకి అది ఎక్కింది. 125 రోజుల పని అని చెబుతూనే, సరిగ్గా ఆ కాలంలో 60 రోజులు పనులు నిలపాలని రాశారు. మన శ్రమకి గిరాకీ ఉన్న రోజుల్లోనే మన బేరం కోసేయడం కాదా ఇది?

కాబట్టి సార్వా రాకముందే ప్రతి పేటలో కూర్చోవాలి. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా ఊడ్పులు, కోత, దింపు, ఒలుపు రేట్లు తేల్చి కాగితం మీద పెట్టించాలి. ఆడా మగా ఒకటే రేటు. కూలి ఆ వారమే చెల్లాలి. బస్తా ధర కోసం, కాలవ పూడిక కోసం కౌలురైతు వెంట మనం నడుద్దాం. రేపు రైతు మళ్ళీ విరామం అంటే, ఆ కోర్కెల పత్రంలో కూలీకి ప్రభుత్వం ఇవ్వాల్సిన భృతి కూడా ఉండాలి. అలా రాయించే బలం ఊరూరా సంఘం కడితేనే వస్తుంది.