ఓర్పుకు కొత్త పేరు పెడితే సరిపోతుందా?

ఈ మధ్య మన శిక్షణా తరగతుల్లో, సంస్థల నివేదికల్లో ‘రెసిలియెన్స్’ అన్న మాట తరచుగా వినిపిస్తోంది. తట్టుకునే శక్తి అని, కోలుకునే శక్తి అని తెలుగులో రాస్తున్నారు. దానితోపాటు వ్యక్తిత్వ వికాసం, ఎరుకతో చేసే ప్రయత్నం వంటి మాటలూ వస్తున్నాయి. స్త్రీలు తమ గురించి తాము శ్రద్ధ తీసుకోవాలని ఎవరు చెప్పినా సంతోషించవలసిందే. కానీ ఎవరికి చెబుతున్నామో, ఆమె జీవితంలో ఇప్పటికే ఎంత ప్రయత్నం ఉందో చూడకుండా చెబితే, భూదేవంత ఓర్పు ఉండాలని మన అమ్మమ్మలకు చెప్పిన మాటే కొత్త పేరుతో తిరిగి వచ్చినట్టవుతుంది.

మధురవాడనే చూద్దాం. విశాఖకు ఉత్తరాన, జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరు 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. కొండ మీద ఐటి కంపెనీలు వచ్చాయి, పోతినమల్లయ్యపాలెంలో క్రికెట్ స్టేడియం వచ్చింది. వాటికి కొద్ది దూరంలోనే వాంబే, జెఎన్ఎన్‌యుఆర్ఎం పథకాల కింద కట్టిన కాలనీలున్నాయి. నగరం మధ్యలోని మురికివాడల నుంచి ఎన్నో కుటుంబాలను ఇక్కడికి తరలించారు. పక్కా ఇల్లు వచ్చింది, నిజమే. పని మాత్రం పాతచోటే ఉండిపోయింది. ఎంవిపి కాలనీలో నాలుగిళ్ళలో పనిచేసుకునే స్త్రీ ఒకప్పుడు నడిచి వెళ్ళేది. ఇప్పుడు చీకటితోనే లేచి, నీళ్ళు పట్టి పై అంతస్తుకు మోసి, వంట ముగించి, బస్సు కోసం నిలబడాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆమెకు బస్సు చార్జీ తప్పింది. అది చిన్న ఊరట కాదు. అయితే దారిలో పోయే సమయం పోతూనే ఉంది. పాత వాడలో చంటిపిల్లను చూసిన పెద్దామె, అవసరానికి చేబదులిచ్చిన పక్కింటామె కూడా దూరమయ్యారు. వీళ్ళ విలువను ఏ పునరావాస లెక్కల్లోనూ కట్టరు. ఇటువంటి స్త్రీని సాయంత్రం ఏడింటికి సమావేశానికి పిలిచి, రోజుకు పావుగంట నీకోసం కేటాయించుకో అని చెబుతున్నాం. ఆ పావుగంట ఎవరి పనిలోంచి తీయాలో చెప్పడం లేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. అంటే ఐదేళ్ళలో స్త్రీలకు తగ్గిన ఆ పది నిమిషాల భారాన్నీ మగవాళ్ళు తీసుకోలేదు, వాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తర్వాత నగరం ఎంత త్వరగా లేచి నిలబడిందో అందరూ మెచ్చుకున్నారు. కరెంటు లేని ఆ రోజుల్లో ట్యాంకర్ల దగ్గర బిందెలతో నిలబడ్డది ఎవరు? తట్టుకునే శక్తి పేరు నగరానికి దక్కింది, చాకిరీ ఆడవాళ్ళకు మిగిలింది.

ఎరుకతో ప్రయత్నించడం అంటే మరింత కష్టపడటం అని నేననుకోను. ఉన్న శక్తిని ఎక్కడ పెడుతున్నామో, ఎక్కడి నుంచి వెనక్కి తీసుకోవాలో తెలుసుకోవడం అది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చేసింది ఇదే. మగవాళ్ళ తాగుడును వాళ్ళు ఏళ్ళ తరబడి ఎవరింట్లో వాళ్ళు తట్టుకున్నారు. కూలి డబ్బులు దాచారు, దెబ్బలు తిన్నారు, పస్తులుండి పిల్లలకు పెట్టారు. ఇదంతా ప్రయత్నమే, కానీ ఒక్కొక్కరిదీ విడివిడిగా అరిగిపోయింది. అక్షరాస్యతా ఉద్యమంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠం చదివి చర్చించుకున్నాక, అదే శక్తిని ఇంట్లోంచి తీసి సారా కొట్టు ముందు పెట్టారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు, ఆ దెబ్బ తక్కువదేమీ కాదు. అయినా సంతకం చేయడం, అధికారి ఎదుట నిలబడి మాట్లాడటం నేర్చుకున్న స్త్రీల దగ్గర నుంచి ఆ నేర్పును ఏ ప్రభుత్వమూ వెనక్కి తీసుకోలేకపోయింది. వ్యక్తిత్వ వికాసం అన్న మాట వాడాలంటే నేను దీనికి వాడతాను.

చేయి వెనక్కి తీసుకోవడం కూడా ప్రయత్నమే. 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగిన మన అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు ఎస్మా ప్రయోగించినా 42 రోజులు నిలిచారు. తల్లిలాంటి సేవ అని పొగిడి తక్కువ జీతమిచ్చే పద్ధతికి వాళ్ళ సమాధానం అది.

మనసు గురించి, అలసట గురించి మాట్లాడటం మధ్యతరగతి కాలక్షేపమని కొందరు మిత్రులు కొట్టిపారేస్తుంటారు. వాళ్ళతో నేను ఏకీభవించను. కౌన్సెలింగ్ కేంద్రంలో రోజంతా హింస కథలు విని, ఇంటికెళ్ళి అన్నం వండి, అర్ధరాత్రి నివేదిక రాసే కార్యకర్తకు విశ్రాంతి హక్కే. దాన్ని ఆమె క్రమశిక్షణకు వదిలేయకుండా, సంస్థ ఆమె పనివేళల్లో రాసి ఇవ్వాలి.

మధురవాడ లాంటి చోట్ల మనం ఆ సాయంత్రం ఏడు గంటల సమావేశాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చవచ్చు. మొదటిరోజు పాఠమేదీ చెప్పకుండా, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఎవరెవరు ఏ పని చేస్తున్నారో ఆడవాళ్ళ చేతనే గోడ మీద గీయించవచ్చు. రెండోసారి మగవాళ్ళనూ పిలిచి అదే గోడ ముందు కూర్చోబెట్టాలి. ఏ బస్సు ఎన్నింటికి కావాలో రాసిన అర్జీ మీద అందరూ కలిసి సంతకాలు పెట్టాలి. ఆ రెండు గంటలూ పిల్లలను చూసే మనిషికి కూలి ఇచ్చి, ఆ ఖర్చును శిక్షణ పద్దు కిందే చూపించాలి. నిధులిచ్చేవాళ్ళు ప్రశ్నిస్తే జవాబు రాయడానికి మన దగ్గర గోడమీది బొమ్మ ఉంటుంది.