పాట అడిగితే పాటే ఇద్దాం



తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నిరుడు దసరా సెలవుల్లో ఒక మాట అడిగింది. “నాన్నా, పాటలు వినడానికి ఏదన్నా కొనియ్యి.” అంతే. ఫోన్ అడగలేదు, ఇంటర్నెట్ అడగలేదు. నేనేం చేశానో చెబుతాను. మీలో చాలామంది చేసేది కూడా అదే అనుకుంటాను. బీరువాలో మూలనపడ్డ నా పాత స్మార్ట్‌ఫోన్ తీసి, సిమ్ పీకేసి, “ఇదిగో, నీ ఇష్టమొచ్చినన్ని పాటలు వినుకో” అని చేతిలో పెట్టాను. రూపాయి ఖర్చు లేకుండా పనైపోయిందని సంబరపడ్డాను కూడా.

సిమ్ లేకపోతే ఇంటర్నెట్ ఉండదనుకోవడం నా అమాయకత్వం. ఇంట్లో వాళ్లమ్మ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఉంది. సంక్రాంతి నాటికి ఆ ఫోన్‌లో పాటలు తగ్గి, అర నిమిషం వీడియోలు పెరిగాయి. రాత్రి పదిన్నరకు దుప్పటి కింద వెలుగు కనబడేది. తిట్టాను, ఫోన్ లాక్కున్నాను. ఆ పిల్ల ఏడుస్తూ, “నేను అడిగింది పాటలే కదా, ఇది ఇచ్చింది నువ్వే కదా” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆలోచిస్తే న్యాయం ఆ పిల్ల వైపే ఉంది. దాహమేసిందని చెంబెడు నీళ్లు అడిగిన పిల్లను తీసుకెళ్లి సంతలో వదిలిపెట్టి, అక్కడ కనబడినవన్నీ ఎందుకు చూస్తున్నావని కోప్పడినట్టుంది నా పని. అందుకే ఈ నెల ఈ వ్యాసం. పిల్లలు పాట అడిగితే పాటే ఇద్దాం. పాటలు తప్ప ఇంకేమీ రాని చిన్న మ్యూజిక్ ప్లేయర్ ఇప్పటికీ దొరుకుతుంది, మధ్యతరగతి జేబుకు అందుతుంది. దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎక్కడ మోసపోతామో నా అనుభవంతో చెబుతాను.

ఇది పాత వస్తువు కదా?

అవును, పాతదే. ఎంపీత్రీ ప్లేయర్లు 1998లో బజారుకొచ్చాయి. 2001లో ఆపిల్ ఐపాడ్ వచ్చింది, 2022 మే నెలలో ఆ కంపెనీయే దాని తయారీ ఆపేసింది. ఫోన్ వచ్చి అన్నిటినీ మింగేసింది. కానీ మన ఇళ్లలో పాత వస్తువులన్నీ పనికిరానివి కావు. ఇంట్లో గ్యాస్ పొయ్యి, మిక్సీ ఉన్నా రోలు ఉంచుకున్నవాళ్లం మనం. ఏ పనికి ఏ వస్తువు సరిపోతుందో చూసుకోవాలి గానీ, కొత్తదా పాతదా అన్నది రెండో మాట.

“చదువుకునే వయసులో పాటలెందుకు, ర్యాంకు సంగతి చూసుకోక” అని కొందరు అంటారు. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం దాకా స్కూల్లో ఉండి, ఇంటికొచ్చి మళ్లీ పుస్తకం పట్టే పిల్లలకు రోజుకు అరగంట పాట ఎక్కువేమీ కాదు. మన తుమ్మలపల్లెలో యురేనియం గనిలో షిఫ్టు డ్యూటీలు చేసే కుటుంబాలున్నాయి. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే పిల్లలు టీవీ పెట్టలేరు, రేడియో పెట్టలేరు. అలాంటి ఇంట్లో ఇయర్‌ఫోన్ విలాసం కాదు, అవసరం.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది, ఎంత జాగా కావాలి? ఇక్కడే మనం ఎక్కువ డబ్బు పారేసుకుంటాం. మామూలు 128 కేబీపీఎస్ ఎంపీత్రీ పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ తింటుంది. అయిదు నిమిషాల పాట అయిదు ఎంబీ. అంటే 8 జీబీలో దాదాపు 1,600 పాటలు పడతాయి. పాఠాల వంటి మాటల రికార్డింగ్ అయితే 64 కేబీపీఎస్ చాలు, గంటకు 29 ఎంబీ లోపే. 16 జీబీ కార్డులో 500 గంటల పైగా పాఠాలు పెట్టుకోవచ్చు. 128 జీబీ అని ఆశపడి డబ్బు పోయనక్కర్లేదు. పైగా చవక ప్లేయర్లలో చాలావాటికి 32 జీబీకి మించిన కార్డు పెడితే చదవనే చదవవు.

రెండోది, కార్డు అసలుదేనా? నేను మోసపోయింది ఇక్కడే. ఒక షాపులో ప్లేయర్‌తో పాటు 32 జీబీ కార్డని తీసుకున్నాను. పాటలన్నీ ఎక్కినట్టే చూపించింది. పావు వంతు దాటాక ఒక్క పాటా మోగలేదు. లోపల ఉన్న జాగా తక్కువ, పైన అచ్చేసిన అంకె ఎక్కువ. కార్డు కొన్నరోజే దాన్ని పూర్తిగా నింపి, చిట్టచివర ఎక్కించిన పాటలు మోగుతున్నాయో లేదో వినండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేక నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

మూడోది, బటన్లు, తెర. తెర లేని, చొక్కాకు తగిలించుకునే ప్లేయర్లు అన్నిటికంటే చవక. కానీ వాటిలో కావలసిన పాట వెతుక్కోవడం కష్టం. పాఠాలు వినడానికి మరీ కష్టం, మధ్యలో ఆపితే కొన్ని మళ్లీ మొదటికొస్తాయి. పేరు కనబడే చిన్న తెర, ఆపినచోటు నుంచే మొదలయ్యే సౌకర్యం ఉన్నది తీసుకోండి. చాలా చవక ప్లేయర్లు తెలుగు అక్షరాలు చూపించవు, డబ్బాలు డబ్బాలుగా కనబడతాయి. అందుకని పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. ముందు అంకె వేసేటప్పుడు ఒకటి, రెండు అని కాక 01, 02 అని వేయండి. లేకపోతే ఒకటో పాఠం తర్వాత పదో పాఠం మోగుతుంది.

నాలుగోది, వైఫై, బ్రౌజర్ ఉన్నదా? “ఆండ్రాయిడ్ మ్యూజిక్ ప్లేయర్” అని అమ్మేవి కొన్ని ఉన్నాయి. అవి కాల్ చేయలేని ఫోన్లు, అంతే. మనం తప్పించుకోవాలనుకున్నది మళ్లీ పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొస్తుంది. బ్లూటూత్ ఉంటే పర్వాలేదు. కానీ తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం తప్పక ఉండాలి. తీగది చవక, చార్జింగ్ గొడవ లేదు. ఎఫ్ఎం రేడియో ఉన్న ప్లేయర్లలో సాధారణంగా ఆ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి. మనం చిన్నప్పుడు మీడియం వేవ్‌లో విన్న కడప ఆకాశవాణి కార్యక్రమాలు ఎఫ్ఎం మాత్రమే ఉన్న ప్లేయర్లో ఆ బ్యాండు మీద అందవు.

అయిదోది, బ్యాటరీ, చార్జింగ్. ఫోన్‌కు వాడే టైప్‌-సి తీగతోనే చార్జయ్యేది చూసుకోండి. పాత మోడళ్ల మినీ యూఎస్‌బీ తీగ పోతే మళ్లీ దొరకడం కష్టం. చార్జర్ విడిగా కొంటే దానిమీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. మన కడప ఎండలు తెలిసినవే. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎండలో నిలబెట్టిన కారులోనో, బండి ట్యాంకు కవరులోనో ప్లేయర్‌ని వదిలేస్తే బ్యాటరీ తొందరగా దెబ్బతింటుంది, ఉబ్బే ప్రమాదమూ ఉంది. ఉబ్బినదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ చార్జింగ్ పెట్టకండి.

ఇవి చూసుకుంటే చాలు. అసలు నాణ్యమైన ధ్వని కోసం వేలు పోసి ప్లేయర్ కొనడం కంటే, మామూలు ప్లేయర్ కొని, మిగిలిన డబ్బుతో కాస్త మంచి ఇయర్‌ఫోన్ కొనడం మేలు. పిల్లల చెవికి తెలిసే తేడా అక్కడే ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యం చెవి

ఇప్పుడు ధరతో సంబంధం లేని మాట. మా అమ్మాయి ఒకరోజు బస్సు దిగి వచ్చి, “చెవిలో గుయ్యిమంటోంది” అంది. ప్లేయర్ తీసి నా చెవిలో పెట్టుకుంటే ఉలిక్కిపడ్డాను. శబ్దం పూర్తిగా పెంచి ఉంది. తప్పు పాటది కాదు, బస్సుది. ఇంజను మోతలో పాట వినబడక పిల్లలు పెంచుతూ పోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఇది. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్స్. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. పిల్లలకు 78 దగ్గర 20 గంటలు, 81 దగ్గర 10, 84 దగ్గర 5 గంటలే. వారమంతా కలిపి అయిదు గంటలంటే రోజుకు ముప్పావు గంట కూడా కాదు. మన దేశంలో ఫ్యాక్టరీ నిబంధనల్లో పెద్దవాళ్లకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ అనే హద్దు ఉంది. మోత ఎక్కువగా ఉన్నచోట పనిచేసే నాన్న చెవులకు రక్షణ పెట్టుకుని పని చేస్తాడు. ఇంట్లో ఆయన బిడ్డ చెవిలో దూర్చుకున్న మోతకు మాత్రం హద్దు చెప్పేవాళ్లు ఉండరు. లోపలి చెవిలో వినికిడికి సంబంధించిన సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మందు లేదు, ఆపరేషన్‌తో పాత చెవి రాదు.

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. శబ్దాన్ని గరిష్ఠంలో 60 శాతం దాటనివ్వకండి. గరిష్ఠ శబ్దానికి తాళం వేసే సెట్టింగు ఉన్న ప్లేయర్ దొరికితే అదే కొనండి. చెవికి సరిగ్గా అతికే మెత్తటి రబ్బరు మొనలున్న ఇయర్‌ఫోన్ అయితే బయటి మోత తగ్గుతుంది, పిల్లలు శబ్దం పెంచనక్కర్లేదు. అన్నాచెల్లెళ్లయినా సరే ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరు పెట్టుకోకూడదు. రోడ్డు మీద నడిచేటప్పుడు, సైకిల్ తొక్కేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. వెనక వచ్చే లారీ హారన్ వినబడకపోతే ఏమవుతుందో నేను రాయనక్కర్లేదు.

కొన్నాక మన పని మొదలు

ప్లేయర్ కొనిచ్చి చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టు. దాంట్లో పాటలు నింపాలి. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఆ యాప్‌లోనే మోగుతాయి, ప్లేయర్‌లోకి రావు. చందా ఆగితే అవీ పోతాయి. మనకు ఫైళ్లు కావాలి. ఇంట్లో పాత సీడీలుంటే వాటిని ఎంపీత్రీలుగా మార్చుకోవచ్చు. ఇంగ్లీషు వినికిడికి లిబ్రివాక్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాలు చదివిన రికార్డింగులు ఉచితంగా ఎంపీత్రీలుగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ఆడియో పుస్తకాలూ ఉన్నాయి.

మేం ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ పని చేశాం. సగం పాటలు అమ్మాయి ఇష్టం, పావు వంతు వాళ్లమ్మ ఇష్టం, పావు వంతు నాది. చివరికి ఇంకొకటి చేరింది. మా అమ్మ, అంటే పిల్లల అవ్వ, పాడే గొబ్బిపాటలు, ఉయ్యాల పాటలు ఫోన్‌లో రికార్డు చేసి అందులోకి ఎక్కించాం. “నా గొంతులో ఏముంది” అని ముందు సిగ్గుపడింది. తర్వాత, “ఇంకోటి గుర్తొచ్చింది, పెట్టు పెట్టు” అని తనే పిలిచింది. ఆ పాటలు ఏ యాప్‌లోనూ లేవు. మన రాజంపేట దగ్గరి తాళ్లపాక వాళ్ల సంకీర్తనలు రాగిరేకుల మీదికి ఎక్కి తిరుమల గుడిలో భద్రంగా ఉండిపోయాయి కాబట్టే ఇన్ని వందల ఏళ్ల తర్వాత మనదాకా వచ్చాయి. మన ఇళ్లలోని అవ్వలకు రాగిరేకులు చెక్కించేవాళ్లు లేరు. ఒక ఎంపీత్రీ ఫైలు మాత్రం మనం చేసిపెట్టగలం. ఆ ఫైళ్లకు ఇంకో నకలు కంప్యూటర్లో కూడా ఉంచండి, కార్డులు చెప్పకుండా పోతాయి.

పాఠశాల యాజమాన్యానికి ఒక విన్నపం

మన స్కూల్లో, హాస్టల్లో ఫోన్ నిషేధం సరైనదే. ఆ నిషేధం అలాగే ఉండాలి. కానీ ఇంటర్నెట్ లేని మ్యూజిక్ ప్లేయర్‌ని ఫోన్‌తో ఒకే గాటన కట్టవద్దని నా మనవి. ఆదివారం సాయంత్రం ఒక గంట, వార్డెన్ దగ్గర నుంచి తీసుకుని మళ్లీ అక్కడే అప్పగించే పద్ధతిలో అనుమతించి చూడండి. అమ్మ గొంతు రికార్డు చేసి పంపితే, హాస్టల్లో కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లవాడికి ఆ గంట ఎంత ధైర్యమో ఊహించండి. అలాగే ఇంగ్లీషు, హిందీ ఉచ్చారణ పాఠాలను వాట్సాప్ వీడియోలుగా కాక ఎంపీత్రీలుగా కూడా ఇస్తే, పాఠం కోసం ఫోన్ పట్టుకునే అవసరం ఇళ్లలో కొంతైనా తగ్గుతుంది.

మా ఇంట్లో పాత స్మార్ట్‌ఫోన్ మళ్లీ బీరువాలోకి చేరింది. అమ్మాయి అలిగిందా అంటే రెండు రోజులు అలిగింది. మూడో రోజు తన పాటల వరస తనే మార్చుకుంటూ కనబడింది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు గదిలోకి తొంగిచూస్తే దుప్పటి కింద వెలుగు లేదు. ప్లేయర్ బల్ల మీద ఉంది, పిల్ల నిద్రపోతోంది.

ఈ ఆదివారం మీ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: “నీకు కావలసింది ఫోనా, పాటలా?” జవాబు పాటలే అయితే, దయచేసి పాటలే ఇవ్వండి.