హీరో లేని ఫ్రేము

పోస్టరు మీద హీరో మొహం ఎంత పెద్దదైతే సినిమా అంత గొప్పదని వాదించే కుర్రకారుకి ఈ వారం ఒక బొమ్మ చూపిస్తాను. ఇందులో హీరో లేడు, హీరోయిన్ లేదు. ఉన్నవాళ్లంతా ఎక్స్‌ట్రాలే!

బొమ్మ పేరు ‘ప్లాస్ దు తియాత్ర్ ఫ్రాన్సే’. పారిస్‌లో ఒక నాటకశాల ముందున్న కూడలి అది. గీసింది ఇంప్రెషనిస్టు పెద్ద కామీ పిస్సారో, 1898 తొలి నెలల్లో. అప్పటికాయనకి 67 ఏళ్లు. కంటిజబ్బు మనిషి. గాలీ దుమ్మూ పడవు. అందుకని కూడలి పక్కనే హోటల్లో గది తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మన కెమెరామన్ల భాషలో టాప్ యాంగిల్ అన్నమాట. చూపు ఎంత కిందికి దించాడంటే ఫ్రేములో ఆకాశమే లేదు! ఆకులు రాలిన చెట్లు, గుర్రపు బళ్లు, ముదురు కోట్ల జనం. దగ్గరకెళ్తే ఒక్కో మనిషీ రెండు మూడు కుంచె దెబ్బలే. నాలుగడుగులు వెనక్కి జరగండి, నడుస్తారు!

ఇదేం గొప్ప అంటారా? ఆగండి. అసలు కథ ఫ్రేము బయట ఉంది.

ఆ జనవరి 13న రచయిత ఎమిల్ జోలా పత్రికలో బహిరంగ లేఖ అచ్చు వేయించాడు. డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి మీద అన్యాయంగా దేశద్రోహి ముద్ర వేశారని. అంతే! పారిస్ రెండుగా చీలిపోయింది. యూదుల్ని చంపండంటూ వీధుల్లో కేకలు. పిస్సారో యూదుడు, పైగా జోలా పక్షం. 1874లో తనతో కలిసి తొలి ప్రదర్శన పెట్టిన డెగా, రెన్వార్‌లే మొహం చాటేశారు.

అలాంటి రోజుల్లో కిటికీలోంచి జనాన్ని చూస్తే ఏమనిపిస్తుంది? నేనైతే ఆ గుంపులో విలన్‌ని వెతికేవాణ్ణి. ఆయన వెతకలేదు. బండి తోలేవాడికీ, లోపల కూర్చున్న దొరకీ, కాలినడకన పోయేవాడికీ అదే రంగు, అదే శ్రద్ధ. వీళ్లలో ఎవడు నిన్న కేకలేశాడో బొమ్మ చెప్పదు. పిరికితనం అంటారేమో, నేనొప్పుకోను. జోలా పక్షాన నిలబడ్డ మనిషికి పిరికితనమేమిటి? తనని ద్వేషిస్తున్న ఊరిని ద్వేషించకుండా చూడటానికి గుండె కావాలి మరి!

కొసమెరుపు వినండి. ఈ బొమ్మ తర్వాత పారామౌంట్ నిర్మాత బడ్డీ డిసిల్వా చేతికొచ్చింది. ఆయన సేకరణ నుంచి లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియానికి చేరింది. హీరో లేని బొమ్మ హీరోల ఊరెళ్లి కూర్చుందన్నమాట!

ఈసారి సినిమాకెళ్తే హీరో వెనకాల నడిచిపోయేవాళ్లని ఒక్కసారి చూడండి. వాళ్లూ ఎక్కడికో పోతున్నారు.