కొండ ఊటకి ఆర్వో మిషన్ ఎందుకు?



విశాఖలో చదువుకుంటున్న మనం హాస్టల్ కుళాయి తిప్పేటప్పుడు ఆ నీళ్లు ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించామా? నగరానికి నీళ్లిచ్చే తాటిపూడి రిజర్వాయర్ గోస్తనిది, రైవాడ శారదది. రెండు నదులూ మన కొండల్లో పుట్టినవే. కిందికి దిగాక ఆ నీళ్లని వడకట్టి, క్లోరిన్ కలిపి నగరానికి ఇస్తున్నారు. పైన మనోళ్లు చాలా ఊళ్లలో ఊటగెడ్డ నీళ్లు అలాగే తాగుతున్నారు. వానలు మొదలైతే వాంతులు, విరేచనాలు. సెలవులకి వెళ్లేటప్పుడు మనమే బ్యాగులో నీళ్ల బాటిల్ పెట్టుకుంటున్నాం, చెప్పుకోవడానికి సిగ్గే.

ప్లాంటు కావాలి అనగానే అందరి నోటా వచ్చేది ఆర్వో. 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి కింద 20 లీటర్లు 2 రూపాయలకి ఇస్తామన్న దగ్గర్నుంచి ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. మేం దీన్ని ఒప్పుకోం. ఆర్వో అసలు పని నీళ్లలో కరిగిన ఉప్పు, ఫ్లోరైడ్ తీయడం. కొండ ఊటల్లో మామూలుగా వుండే బాధ అది కాదు, బురద, క్రిములు. పైగా ఆర్వోకి కరెంటు కావాలి, మెంబ్రేన్ మార్చాలి, కొంత నీరు వృథాగా పోతుంది. మేం చూసిన ఒక మిషన్ షెడ్డులో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి.

మనకి సరిపోయేది ఇసుక ఫిల్టర్. 1829లోనే లండన్‌లో థేమ్స్ నీటిని ఇలా వడకట్టారు. సుమారు మీటరు మందాన సన్న ఇసుక, అడుగున గులకరాళ్లు. నీరు గంటకి 10 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగాలి. కొన్ని రోజులకి ఇసుక మీద జిగురు పొర కడుతుంది, క్రిముల్ని చాలావరకు ఆపేది అదే. ఊట ఊరికన్నా ఎత్తులో వుంటే మోటారు అక్కర్లేదు.

లెక్క చూడండి. 200 మంది ఊరికి జల్ జీవన్ మిషన్ చెప్పిన 55 లీటర్ల చొప్పున రోజుకి 11 వేల లీటర్లు. దానికి 5 చదరపు మీటర్ల ఇసుక చాలు, అంటే చిన్న గది కన్నా తక్కువే. ఒకటి శుభ్రం చేస్తుంటే ఇంకోటి నడవాలి కాబట్టి రెండు తొట్లు కట్టాలి. వానాకాలం బురద నీరు నేరుగా వదిలితే ఇసుక పూడిపోతుంది, ముందు గులకరాళ్ల తొట్టి తప్పదు. చివర్లో బ్లీచింగ్ కూడా మానకూడదు.

పేచీ కట్టడం దగ్గర కాదు, తర్వాత. పొర మందమైనప్పుడల్లా పై ఇసుక ఒకట్రెండు సెంటీమీటర్లు గీకి తీయాలి. ఆ పని ఊరి కుర్రాడికో, అమ్మాయికో జీతమిచ్చి అప్పగించాలి. గ్రామసభలో తీర్మానం రాసేటప్పుడు ఆ జీతం కూడా రాయించండి. ఊరికే సేవ అంటే రెండో నెలకే ఎవరూ రారు.

ఈ వేసవి సెలవులకి వెళ్లినోళ్లు మీ ఊట దగ్గర 15 లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్లో టైము చూడండి. రెండు నిమిషాల్లోపు నిండితే 200 మందికి సరిపోయినట్టే. ఊరి పేరు, పట్టిన టైము ఇక్కడ రాయండి.