అగ్నిపర్వతాలు - ప్రజలకు హెచ్చరిక

అగ్నిపర్వతం ఏ సూచనా లేకుండా బద్దలవుతుందని సామాన్యంగా భావిస్తాము. కాని విస్ఫోటానికి ముందు తరచు భూగర్భంలో స్వల్ప ప్రకంపనలు పుడతాయి. కొండ పార్శ్వాలు ఉబ్బుతాయి. గంధక వాయువులు అధికమవుతాయి. వైద్యుడు నాడిని పరీక్షించినట్లు శాస్త్రజ్ఞులు ఈ లక్షణాలను పరికరాలతో గమనిస్తూ ఉంటారు. అయితే రోగనిర్ణయం మాత్రమే రోగిని బ్రతికించదు కదా!

కొలంబియాలోని నెవాదో దెల్ రూయిజ్ పర్వతం ఇందుకు విషాద నిదర్శనం. అది విస్ఫోటానికి ఏడాది ముందునుండే అలజడి చూపింది. ప్రమాద ప్రాంతాలను సూచించే పటం 1985 అక్టోబరులోనే సిద్ధమైంది. అందులో ఆర్మెరో పట్టణమూ ఉన్నది. కాని అకాలంలో ప్రజలను తరలిస్తే కలిగే నష్టానికి, అపవాదుకు అధికారులు జంకారు. నవంబరు 13వ తేదీ సాయంకాలం బూడిద రాలుతున్నప్పటికీ ప్రశాంతంగా ఉండమనే ప్రజలకు చెప్పారు. ఆ రాత్రి 9 గంటలు దాటిన పిమ్మట పర్వతం పేలింది. శిఖరం మీది మంచు కరిగి బురద వరదై ఆర్మెరోను చేరడానికి 2 గంటలకు పైగా పట్టింది. సమీపంలో మెట్టభూమి కూడా ఉన్నది. అయినా ఆ దుర్ఘటనలో 20,000 మందికి పైగా మరణించారు.

1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో విషయంలో ఇట్లు జరుగలేదు. శాస్త్రజ్ఞులు ప్రమాద తీవ్రతను 5 అంచెలుగా విభజించి ప్రకటించారు. విస్ఫోటం ఎంత భయంకరమో చలనచిత్రం ద్వారా అధికారులకు, ప్రజలకు చూపారు. జూన్ 15న మహావిస్ఫోటం సంభవించేనాటికే వేలాది ప్రజలు తరలివెళ్లారు. వేలాది ప్రాణాలు దక్కాయి. తరలింపుతో బాధ్యత తీరదన్నది మరొక పాఠం: శిబిరాలలో తట్టు మొదలైన వ్యాధులకు అనేకమంది అయితా గిరిజనులు బలియైనారు.

హెచ్చరిక వృథా అయితే ఎట్లా అని కొందరు ప్రశ్నించవచ్చు. 1976లో గ్వాడెలూప్ ద్వీపంలో 70,000 మందికి పైగా ప్రజలను నెలల తరబడి తరలించగా మహావిస్ఫోటం జరుగనేలేదు. ఆ కష్టం స్వల్పమని మేము అనము. కాని ఇల్లు విడిచినవారు తిరిగి రాగలరు. ఆర్మెరో వాసులు రాలేరు.

రేపు అధికారులు, ఉపాధ్యాయులు, విలేఖరులు కాబోయే విద్యార్థులకు మేము మనవి చేసేది ఒక్కటే. శాస్త్రం చెప్పిన సత్యాన్ని పామరునికి సైతం అర్థమయ్యే మాటలలో, సకాలంలో, నిర్భయంగా చెప్పగలగడమే విద్యకు సార్థకత.